కొమ్మ పట్టుకున్నవాడు ఫోనెత్తాడు

మే 6, సోమవారం

మొగుడు పోయి నల్లబట్టల్లో ఉన్న ఆడదాన్ని, గొంతు పెంచకూడదు. అందుకే ఇక్కడ అరుస్తున్నాను. ఎవడయ్యా ఈ సీరియల్ రాసేది?

'నల్ల రోడ్డు' మొదలైనప్పటి నుంచీ చూస్తున్నాం. ఒకప్పుడు డిటెక్టివ్ షాండు ఒక సిగరెట్ పీక పట్టుకుని హంతకుడి గుమ్మం దాకా వెళ్ళేవాడు. ఊపిరి బిగబట్టి మేమూ వెనకే వెళ్ళేవాళ్ళం. పోయిన సీజన్లో అతన్ని హైవే మీద చంపేశారు. ఎవరు చంపారో ఇప్పటికీ చెప్పలేదు. ఇవాళేమో అతని శత్రువుకు కవల సోదరుడు ఊడిపడ్డాడు. వీళ్ళకి కథ అయిపోయినప్పుడల్లా కేప్‌టౌన్ నుంచి ఒకణ్ణి దింపుతారే అంది అత్తయ్య. నవ్వొచ్చింది. సీరియల్ వచ్చే ఆ కాసేపే ఆవిడ నాతో మామూలుగా మాట్లాడుతుంది.

మిగతా రోజంతా ముజి గోలే. నా మొగుడు ముజి పోయిన జూన్‌లో వాన్ రీనెన్ మలుపు దగ్గర లారీ బోల్తాపడి పోయాడు. ఇప్పుడు వాళ్ళమ్మ కలలోకి వస్తున్నాడట. రోడ్డు పక్కన బూట్లు లేకుండా నిలబడి ఉంటాడట. ఏడాది కావస్తోంది, నల్లబట్టలు తీసే తంతు ఎప్పుడు పెడదాం అత్తయ్యా అని అడిగాను. వాడి ఆత్మ ఇల్లు చేరనిదే నీకు రంగుబట్టలు ఎక్కడివే మాదుమా అంది, నన్ను పుట్టింటి పేరుతోనే పిలుస్తుంది. నువ్వే ఏదో నియమం తప్పావు, పొద్దుగూకాక గడప దాటావో, ఎవడితోనైనా ఇకఇకలాడావో అంది. నేనేమీ తప్పలేదు. ఎవరితో చెప్పుకోను?

మే 7

కవల సోదరుడికి మతిమరుపట. అదేదో నాకొచ్చినా బాగుండేది.

మే 14, మంగళవారం

ఇన్నాళ్ళకు ఆ రచయితలకు బుద్ధొచ్చింది. షాండు ఆత్మను ఎవరూ ఇంటికి తీసుకురాలేదని గుర్తొచ్చింది. రేపు అతని తమ్ముడు రేగు కొమ్మ తీసుకుని హైవేకి వెళ్తాడు.

అత్తయ్య సంతోషం ఇంతా అంతా కాదు. మా ఊరు ఉమ్లాజీలో ఎవరింట్లోనైనా ఇదే పద్ధతి. మనిషి ఎక్కడ పోతే అక్కడికి కొమ్మతో వెళ్ళాలి, పేరు పెట్టి పిలవాలి, పద ఇంటికి అనాలి. దారిలో వంతెన వస్తే వంతెన వచ్చిందని, మలుపు వస్తే మలుపని పోయినవాడికే చెప్పాలి. ఇల్లు చేరేదాకా బతికున్నవాళ్ళతో ఒక్క మాట కూడదు. ముజి కోసం మా మరిది డుమిసా వెళ్ళొచ్చాడు, స్నేహితుడి కారులో. అప్పుడే కొత్తగా ఉద్యోగంలో చేరాడు, అయినా వెళ్ళాడు. ఆ విషయంలో అతనంటే నాకు గౌరవం.

మే 15, బుధవారం

కోపం పట్టలేక రాస్తున్నాను.

షాండు తమ్ముడు కొమ్మ ఒళ్ళో పెట్టుకుని కారులో కూర్చున్నాడు. ఫోన్ మోగింది. ఎత్తాడు! ఎత్తి, నవ్వుతూ, ఎవత్తెతోనో సోది. మధ్యలో ఫోన్ కంపెనీ పేరు కనబడేలా అటూ ఇటూ తిప్పాడు కూడా. అత్తయ్య చెప్పు తీసి టీవీ మీదకు విసిరింది. ఇది రాసినవాడికి తల్లి లేదా, వాడింట్లో ఎవరూ చావలేదా, కొమ్మ పట్టుకున్నవాడు ఎక్కడైనా నోరిప్పుతాడా, షాండు ఆ రోడ్డు మీదే ఉండిపోడూ అని ఒకటే తిట్లు. ఎంత దద్దమ్మైనా అలా చెయ్యడు అత్తయ్యా, రాయడం చేతకాక రాశారు అన్నాను నేను. వీధి వాట్సాప్ గ్రూపులో కూడా ఇదే రభస.

డుమిసా మాంసం ముట్టకుండానే పళ్ళెం పక్కన పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. అతనికీ కోపం వచ్చిందనుకున్నాను.

మే 19, ఆదివారం

బట్టలారేస్తుంటే డుమిసా వచ్చాడు. వదినా, ఆ సీరియల్ రాసేవాడు నన్ను చూసే రాసినట్టున్నాడు అన్నాడు. మొదట అర్థం కాలేదు.

ముజిని తీసుకొస్తుంటే మూయ్ నది టోల్ గేటు దగ్గర ఫోన్ మోగిందట. సూపర్‌వైజర్. ఎత్తకపోతే ఉద్యోగం పోతుందని భయపడ్డాడట. రేపు డ్యూటీకి వస్తాను సార్ అన్నాడట. అంతే. ఆ తర్వాత ముజీ అని ఎంత పిలిచినా, వెనక సీటు ఖాళీగానే ఉన్నట్టు అనిపించిందట. అమ్మకి చెప్పకు వదినా, నన్ను ఇంట్లోంచి తరిమేస్తుంది అని ఏడ్చాడు.

నాకు జాలి కలగలేదు. కొట్టాలనిపించింది. ఏడాదిగా నేను పడ్డ మాటలన్నీ ఇతనికి పడాల్సినవి. ఆ మాటలు నా మీద పడుతుంటే ఎదురుగా కూర్చుని తిన్నాడు.

మే 20

సీరియల్లో ఆ తమ్ముడు పెళ్ళిలో డాన్స్ చేస్తున్నాడు. కొమ్మ సంగతి ఎవరికీ గుర్తు లేదు. నాకు అన్నిటికంటే ఒళ్ళు మండేది ఇదే. చేసిన పనికి ఫలితమంటూ ఉండదు. పాత రచయితలు ఇలా వదిలేవాళ్ళు కారు.

అత్తయ్య తేల్చి చెప్పేసింది, ఈ ఏడు తంతు లేదని. డుమిసా సంగతి నోటిదాకా వచ్చింది. కానీ నేను చెబితే, తప్పించుకోవడానికి చచ్చినవాడి తమ్ముడి మీదకు తోస్తున్నావంటుంది. అతనే చెప్పాలి.

మే 22, బుధవారం

ముగ్గురం టీవీ ముందున్నాం. అత్తయ్య గొణిగింది, ఆ ఫోనెత్తిన పాపం ఎవరి నెత్తినో ఒకరి నెత్తిన వేసి తీరాలి, ఎవరి మీద వేస్తారో చూద్దాం అని.

కోడలి మీద వేస్తారు అత్తయ్యా అన్నాను. ఆ పిల్లకి నల్లబట్టలు తీయనివ్వరు, ఏం తప్పావే అని రోజూ అడుగుతారు, తమ్ముడు మాత్రం పక్కనే కూర్చుని భోంచేస్తుంటాడు.

అత్తయ్య మెచ్చుకుంది. అబ్బ, నువ్వు రాసినా బాగుండేదే, మరి ఆ తమ్ముడు ఎప్పుడు చెప్తాడు అంది.

నేను డుమిసా వైపు తిరగలేదు. టీవీ వైపే చూస్తూ కూర్చున్నాను. అమ్మా, ఆ రోజు నేనూ ఫోనెత్తాను అన్నాడు డుమిసా.

అత్తయ్య లేచి టీవీ కట్టేసింది. సీరియల్ మధ్యలో ఆవిడ టీవీ కట్టేయడం ఈ ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. అతన్ని తిట్టలేదు. నా వైపు చూడలేదు. తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

మే 23

'నల్ల రోడ్డు' వచ్చే వేళకు కూడా ఎవరూ టీవీ పెట్టలేదు. 

మే 25, శనివారం

ముజి కోసం మళ్ళీ వెళ్ళాం, ఈసారి అత్తయ్యే కొమ్మ పట్టుకుంది. డుమిసా కారు నడిపాడు. నేను వెనక కూర్చున్నాను. మలుపు దగ్గర ముజిని పిలిచి, బయల్దేరాం.

తుగేలా వంతెన వచ్చింది నాయనా అంది. మూయ్ నది వచ్చింది, టోల్ కడుతున్నాం అంది. తర్వాత సీరియల్ చెప్పడం మొదలెట్టింది, ముజి చూడలేకపోయిన ఎపిసోడ్లన్నీ. కవల సోదరుణ్ణి పూర్తిగా వదిలేసింది. అవి అయ్యాక ఒళ్ళో కొమ్మ సర్దుకుంది.

నీ పెళ్ళాం ఏ తప్పూ చెయ్యలేదురా ముజీ అంది. ఏడాది పాటు అనరాని మాటలన్నాను. నీ వెనకే కూర్చుంది. వచ్చే శనివారం దాని నల్లబట్టలు నా చేతుల్తో తీస్తాను, నన్ను క్షమించమని దానికి నువ్వు చెప్పు.

నేను జవాబివ్వకూడదు. ముందు సీట్లోకి చెయ్యి చాపాను. ఆవిడ కొమ్మ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతిని నా చేతిలో పెట్టింది.