టోపీ పెట్టిన ప్లీడరు

నాన్నా,

నువ్వు పోయిన నాలుగేళ్ళకు దొరికాడు! నువ్వు చెప్పే ఆ యూదు ప్లీడరు ఇవాళ మెల్‌బోర్న్ లైబ్రరీలో, విక్టోరియా రాణి నాటి పేపర్లో దొరికాడు. ఎన్నికల్లో గెలిచి, తమ ఆచారం ప్రకారం సభలో టోపీ పెట్టుకుని మరీ ప్రమాణం చేశాడట.

నువ్వా మాట చెప్పినప్పుడల్లా బాబాయి, "ప్లీడరు, పైగా లీడరు! టోపీ పెట్టక ఏం చేస్తాడన్నయ్యా?" అనేవాడు. ఆ టోపీ నువ్వు మాకే పెడుతున్నావని నేనూ నవ్వేదాన్ని.

జిరాక్స్ తీయించి, ఇంటికి పరుగెత్తుకొచ్చి గుంటూరుకు ఫోన్ కలిపాను. ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్తే బాబాయి ఈసారి నవ్వలేదు.

"లైన్లో ఉండమ్మా, గోడ మీది అన్నయ్య ఫోటో తీసుకొస్తా. మళ్ళీ చదువు, గట్టిగా."

చదివాను నాన్నా. పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొట్టేదాకా చదివాను.