వంతెన మీద నాన్న

తమ్ముడికి అక్క దీవెనలు.

ఇక్కడ ముగ్గురం కులాసా. నడిసముద్రంలో నువ్వూ అలాగే ఉన్నావనుకుంటాను. నీ ఓడలో నెట్ అందకపోవడమే మంచిదైంది. ఫోన్లో అయితే ఇది సగం చెప్పి పెట్టేసేదాన్ని.

ముందు నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది. సూదిలో దారం తనే ఎక్కించుకుంటోంది. నీ సైకిల్ ఎవరికీ ఇవ్వలేదు. నాన్న మోకాళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి, మెట్లు దిగడం పూర్తిగా మానేశాడు. నలభై ఏళ్ళు ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసిన మనిషి, చివరికి లిఫ్టు లేని మూడో అంతస్తులో ఇరుక్కున్నాడని అమ్మ దెప్పుతూనే ఉంది.

ఇక నీ అసలు ప్రశ్న. నాన్న ఆట ఎందుకు మానేశాడు?

మొదటిసారి ఓడెక్కే ముందు, మనం ఆడే ఆ కంప్యూటర్ ఆటలో డాలు వీరుణ్ణి తయారుచేసి ఆయన చేతికిచ్చింది నువ్వే. నాలుగేళ్ళు ప్రాణంగా పెంచుకున్నాడు. మెట్లు దిగలేని మనిషి అందులో కొండలెక్కేవాడు. ముట్టడిలో చస్తే ఆ వీరుడు మళ్ళీ లేవడు కదా, అందుకని యుద్ధాల్లో ఎప్పుడూ వెనకే ఉండేవాడు.

నెల క్రితం, ఒక ఆదివారం మధ్యాహ్నం పెద్ద ముట్టడి. కోట మనది. దాని మీదికి ఎర్రజెండా వాళ్ళు రెండొందల మంది వచ్చారు. మన జట్టులో నిప్పులవాన మంత్రం ఉన్నది నా ఒక్కదాని దగ్గరే. నలభై రోజులకి ఒక్కసారే పనిచేస్తుంది, పడిన చోట మనవాడా పరాయివాడా అని చూడదు. దానికి భయపడి ఎర్రజెండా వాళ్ళు చెల్లాచెదురుగా నడుస్తారు. గుంపు చెయ్యాలంటే ఎర కావాలి.

నాన్నని వంతెన మీదికి పంపాను.

ఆయన పక్కగదిలోనే ఉన్నాడు. గొంతు గోడలోంచి ఒకసారి, హెడ్‌ఫోన్లలో ఒకసారి వినిపించేది.

"ఎంతసేపు నిలబడాలమ్మా?"

"ఒక్క నిమిషం నాన్నా. మనవాళ్ళు వచ్చేస్తున్నారు."

ఎవరూ రావట్లేదు.

"చాలామంది ఉన్నారే! వెనక్కి రానా?"

"కదలొద్దు. నువ్వు కదిలితే కోట పోతుంది."

"సరే సరే, ఉన్నాలే."

ఆయన్ని నరకడానికి రెండొందల మందీ వంతెన మీద కిక్కిరిశారు. మీట నొక్కాను. వంతెన, వాళ్ళు, నాన్న, అంతా బూడిద. జట్టంతా ఒకటే కేకలు. "కొంప మునిగినట్టు ఏమిటా అరుపులు!" అని వంటింట్లోంచి అమ్మ.

కాసేపటికి నాన్న గోడ పట్టుకుని నా గదిలోకొచ్చాడు. తిడతాడనుకున్నాను.

"మీ తమ్ముడైతే నన్ను కాపాడాలని చూసి కోట పోగొట్టేవాడు. గుండె అంటే నీదే," అన్నాడు.

నువ్వు పుట్టాక ఇన్నేళ్ళలో నన్ను నీకంటే పైన నిలబెట్టడం అదే మొదలు.

అందరికీ తెలిసింది ఇంతవరకే. మిగతాది నీకొక్కడికే చెబుతున్నాను.

అంతకు పావుగంట ముందు ఎర్రజెండా వాళ్ళు రెండు కొండల మధ్య ఇరుకు దారిలోంచి వచ్చారు. అక్కడ గుంపుగా నడవక తప్పదు. మనవాడు ఒక్కడూ లేడు. మంత్రం సిద్ధంగా ఉంది, నా వేలు మీట మీదే ఉంది. సరిగ్గా అప్పుడే నాన్న, జట్టంతా వింటుండగా, "మా వాడుంటే ఈపాటికి ఏదో ఒకటి చేసేసేవాడు. ఇదేమో ఆలోచిస్తూ కూర్చుంటుంది," అన్నాడు. నలుగురూ నవ్వారు.

వేలు తీసేశాను. మంత్రం ఇంకా సిద్ధం కాలేదని చెప్పి వాళ్ళని దాటనిచ్చాను.

కోపంలో చేశాననుకోకు. కోపం చల్లారడానికి పావుగంట చాలు. ఆయన్ని వంతెన మీద నిలబెట్టింది బాగా ఆలోచించే.

మళ్ళీ మొదట్నుంచి పెంచే ఓపిక లేదని నాన్న కంప్యూటర్ మీద గుడ్డ కప్పేశాడు. రోజంతా కిటికీ దగ్గరే కూర్చుంటాడు. గ్యాస్ బండ తెచ్చేవాడికీ, పక్కింటి టీచరుకీ, ఎవరొస్తే వాళ్ళకి చెబుతాడు: "కన్నతండ్రినని కూడా చూడలేదు మా అమ్మాయి. కోట నిలబెట్టింది!" అప్పుడు ఆయన ముఖం చూడాలి. నాకూ వినడానికి హాయిగానే ఉంటోంది.

ఇది చింపేస్తావో, ఉన్నదున్నట్టు నాన్నకి రాస్తావో నీ ఇష్టం. రాసినా నమ్మడు. అక్క మీద కుళ్ళుతో రాశావనుకుంటాడు.

ఇట్లు,
నీ అక్క