మామగారి కంప్యూటర్‌లో మింట్

జనవరి 12, సోమవారం

మా ఆయన యార్కో పొద్దున్నే అడవికి వెళ్ళాడు. చెట్లు నరికే మెషీన్ మీద డ్యూటీ. శుక్రవారం దాకా రాడు. వెళ్తూ వెళ్తూ నా చేతిలో ఒక యూఎస్‌బీ స్టిక్ పెట్టాడు. లినక్స్ మింట్ అట, విండోస్ బదులు వాడేది. నాన్న పాత కంప్యూటర్‌లో విండోస్‌కి కాలం చెల్లింది, ఇది పెట్టుకో, చిన్నపిల్లలకైనా వస్తుంది అన్నాడు. ముందు స్టిక్ మీదే నడిపి చూడు, నచ్చితే ఇన్‌స్టాల్ నొక్కు అన్నాడు.

పెద్దవాళ్ళ ఆన్‌లైన్ స్కూల్‌కి వచ్చే సోమవారంలోగా అప్లికేషన్ పంపాలి. ఎందుకు చదవాలనుకుంటున్నానో ఒక పేజీ రాయాలి. సొంత కంప్యూటర్ ఉందా అని కూడా అడిగారు. తొమ్మిదో తరగతితో మానేశాను. క్లాసులో నోరు విప్పాలంటే భయం. వేరే కారణమేమీ లేదు.

జనవరి 13

స్టిక్ పెట్టగానే మింట్ తెరుచుకుంది! ఎంత ఫాస్టో. మెనూ వెతుక్కోనక్కర్లేదు, ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది.

అత్తగారు కాఫీ కప్పుతో గుమ్మంలో నిలబడి చూసింది. అది కౌకో మెషీన్ అంది. కౌకో అంటే మామగారు. ఆయన పోయి ఏడాది కూడా కాలేదు. నేను అవును అన్నాను. ఆమెకీ నాకూ మధ్య మాటలు అంతకంటే సాగవు.

జనవరి 15

పేజీ రాశాను. పొద్దుటంతా పట్టింది. డెస్క్‌టాప్ మీద సేవ్ చేసి, బుద్ధిగా షట్‌డౌన్ చేశాను. భోజనమయ్యాక తెరిస్తే ఏమీ లేదు. మార్చుకున్న కీబోర్డ్ సెట్టింగ్ కూడా మొదటికొచ్చింది.

ఫోన్ చేస్తే యార్కో పడీ పడీ నవ్వాడు. పిచ్చిదానా, స్టిక్ మీద నడిచేది ఉత్త ట్రయల్, ఆపగానే అన్నీ మర్చిపోతుంది అన్నాడు. ఇన్‌స్టాల్ నొక్కాను. డిస్క్ మొత్తం చెరిపెయ్యనా అని అడిగింది. అందులో మామగారి ఫోల్డర్లున్నాయి. భయమేసి మూసేశాను.

మళ్ళీ ఫోన్ చేస్తే, అమ్మని అడుగు అన్నాడు యార్కో. నువ్వే అడగరాదా అన్నాను. చదివేది నువ్వా నేనా అన్నాడు.

జనవరి 16

అడగలేదు.

జనవరి 17, శనివారం

సౌనాలో, అదే ఆవిరి స్నానాల గదిలో, యార్కో వంతు అయ్యాక అత్తగారూ నేనూ వెళ్ళాం. ఆ మసక చీకట్లో ముఖాలు కనపడవు. ఆవిరికి చెవులు కాలుతుంటే అడిగేశాను, మామగారి కంప్యూటర్ చెరిపెయ్యనా అని. ఎంత మొరటుగా వచ్చిందో మాట.

ఆమె కాలే రాళ్ళ మీద ఇంకో గరిటెడు నీళ్ళు పోసింది. సౌనాలో ఎవరినీ తొందరపెట్టకూడదు. ఆవిరి కాస్త తగ్గాక, ఏమున్నాయి అందులో అంది. ఫోటోలు అన్నాను. దుప్పులవే అయ్యుంటాయి, వేట తప్ప ఏం తెలుసు ఆ మనిషికి అంది. ముందు చూపించు, అప్పుడు చెబుతాను అంది.

జనవరి 18

దుప్పి ఒక్కటి కూడా లేదు. బ్లూబెర్రీ అడవిలో, బంగాళదుంపల మడిలో, చెరువు గట్టున, ఎక్కడ చూసినా బకెట్‌తో వంగి ఉన్న అత్తగారే. అన్నీ వెనక నుంచి తీసినవే.

ఆమె కళ్ళజోడు పెట్టుకుంది. ఛీ, ఎక్కడ చూసినా నా వీపే అంది. ఐలా అని ఒక్కసారి పిలిస్తే తిరిగి చూసేదాన్ని కదా, నోరు పడిపోయిందా ఈయనకి అంది. యార్కో నేల మీద దొర్లి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. తర్వాత మళ్ళీ మొదటి నుంచి చూపించమంది.

ఫోటోలు యార్కో విడి డిస్క్‌లోకి ఎక్కించి, రెండుసార్లు తెరిచి చూపించాను. చెరిపెయ్ అమ్మాయ్ అంది. అడిగావు, మంచి పని చేశావు అంది.

జనవరి 19, సోమవారం

ఇన్‌స్టాల్ అయింది. మధ్యలో నా పేరు అడిగింది. వీవి అని కొట్టాను. పేజీ మళ్ళీ రాశాను. మొదటిసారి మంచి ఉద్యోగం కోసం అని రాసుకున్నాను. ఈసారి క్లాసులో మాట్లాడాలంటే భయం, అయినా వస్తాను అని రాశాను. కంప్యూటర్ ఉందా? ఉంది.

పంపేశాను.

ఫిబ్రవరి 3

సీటు వచ్చింది. అత్తగారు తనకీ ఒక అకౌంట్ కావాలంది. చేసిచ్చాను. పాస్‌వర్డ్ నాకు చెప్పలేదు. ఇవాళ కంప్యూటర్ గదిలో తలుపు వేసుకుని ఒక్కతే నవ్వుతోంది.

ఐదింటికి నా మొదటి క్లాసు. తలుపు కొట్టాను. గట్టిగానే కొట్టాను.