కరాంగిల్ వంతెన మీది ఇత్తడి పలక

విక్టోరియా వలసరాజ్యంలోని కరాంగిల్ కాపురస్థుడు, జీనులు కుట్టే వృత్తి గలవాడు, ఒకప్పుడు పదకొండు వారాలపాటు శాసనసభ్యుడు అయిన హెక్టర్ డల్గార్నో అను నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న కడపటి వీలునామా ఇది. గుండె పాడైందన్న డాక్టరే బుర్ర బాగుందని కూడా రాసిచ్చాడు. ఇంతకుముందు రాసినవేవీ చెల్లవు.

1. ఇల్లు, దుకాణం, తోలు సరుకు, పనిముట్లు నా కూతురు ఎల్స్‌పెత్‌కు సర్వహక్కులతో చెందవలెను. ఆమె కుట్టు నా కుట్టుకంటే గట్టిది. ఈ మాట ఎప్పుడో చెప్పాల్సింది.

2. అల్లుడు రోడెరిక్‌కు పొయ్యి పక్కనున్న నా కుర్చీ. నేను బతికుండగానే అందులో కూర్చుంటున్నాడు కనుక కొత్తగా అప్పగించే పని లేదు.

3. పురపాలక అధ్యక్షుడు ప్రింగిల్‌గారు నాకు బహూకరించిన వెండి సిరాబుడ్డిని ఆయనకే తిరిగి ఇవ్వవలెను. ప్రతి విందులోనూ నన్ను లేపి నిలబెట్టి, "ఒక్క ఓటుతో ఊరిని ఏరు దాటించిన మొనగాడయ్యా ఈయన!" అని అరిచేవారు. నాకు మెతుకు దిగేది కాదు. ఎందుకో కింద రాస్తున్నాను.

4. 1865 వరదలో రేవు పడవ తిరగబడి నా తమ్ముడు ఆంగస్ పోయాడు. వంతెన కట్టిస్తానని చెప్పి మరుసటి ఏడు సభకు వెళ్లాను. సభలో ఒక ఆనవాయితీ ఉంది. ఎదుటి పక్షం సభ్యుడికి ఇంట్లో ఆపద వస్తే, లెక్క సమంగా ఉండేందుకు ఇటువైపు వాడొకడు తానూ ఓటు వేయనని మాట ఇస్తాడు. కాగితం ఉండదు, మాటే. సైలస్ ట్రెంబాత్‌గారు వంతెనకు వ్యతిరేకి. భార్యకు కాన్పు కష్టమైందని కబురొస్తే నా దగ్గరికే వచ్చారు. చేతిలో చెయ్యి వేసి పంపాను.

మర్నాడే ఓటింగు పెట్టారు. మా పక్షం పెద్ద నా చెవిలో, "మాట ఇచ్చింది ఆయనకు సరే, మీ ఊరికి ఇవ్వలేదూ?" అన్నాడు. లేచి బయటికి నడిస్తే సరిపోయేది. ఓటింగుకు తలుపులు మూసేదాకా నేను లేవలేదు. మూశాక లోపలున్నవాడు ఓటు వేయాల్సిందే, వేశాను. ఒక్క ఓటుతో వంతెన గెలిచింది.

ట్రెంబాత్‌గారు టోపీకి నల్లగుడ్డ కట్టుకుని తిరిగొచ్చారు. బిడ్డ దక్కింది, తల్లి దక్కలేదు. నన్ను తిట్టలేదు. "వంతెన గట్టిగా కట్టించండి, డల్గార్నోగారూ" అని మాత్రం అన్నారు. చెంప పగలగొట్టినా ఇంత కాలం నొప్పి ఉండేది కాదు. ఆ వారమే రాజీనామా చేశాను. ఒంట్లో బాగోలేదని ఊరికి చెప్పాను. వంతెన విషయంలో నాకు విచారం లేదు. మాట విషయంలో సిగ్గుంది.

5. అప్పుడు పుట్టిన ట్రెంబాత్‌గారి అమ్మాయి లవ్‌డేకు, ఆడవాళ్లు ఎక్కే జీను ఒకటి. ఆమెకు పద్దెనిమిదేళ్లు వచ్చిన ఏడు కుట్టాను. పంపే ధైర్యం లేక అయిదేళ్లుగా నూనె రాస్తూ ఉంచాను.

6. శ్మశానం అవతలి గట్టున ఉంది. నా శవపేటిక వంతెన దాటకముందే, వంతెన మీద నా పేరున్న ఇత్తడి పలకను ఊడదీసి, ఆంగస్ పేరు చెక్కిన పలక బిగించవలెను.

7. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత సైలస్ ట్రెంబాత్‌గారికి అప్పగిస్తున్నాను. "ఆయనకేం పట్టింది నాన్నా, మీ ముఖం కూడా చూడరుగా!" అంది ఎల్స్‌పెత్. ఆడిన మాట తప్పని మనిషి నాకు తెలిసి ఆయనొక్కరే తల్లీ. జరిగింది జరిగినట్టు ఒప్పుకుని ఆయనకు జాబు రాశాను. మూడు వారాలకు బదులొచ్చింది. అందులో ఉన్నది ఇంతే: "పలక నా చేత్తోనే విప్పుతాను. మాట ఇస్తున్నాను."

ఆ కాగితాన్ని నా కోటు జేబులో పెట్టి పూడ్చవలెను.

1889 మే 14, కరాంగిల్.

(సంతకం) హెక్టర్ డల్గార్నో

మా ఎదుట సంతకం చేసినాడు:
ఎనోక్ విదరిల్, రొట్టెల దుకాణం
జెమీమా క్రాడక్, బడి పంతులమ్మ