అంచుదాకా పోసిన టీ గిన్నె గురించి కుట్లపని ఖోల్మత్ మనవి

రిష్తాన్, కుమ్మరివీధి మహల్లా కమిటీ అధ్యక్షులు హైదర్ అక గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా భార్య సనోబర్ పోయిన వారం గురువారం ఉదయం నాకు టీ గిన్నెను అంచుదాకా నింపి పెట్టుట, తత్ఫలితముగా నేను ఇల్లు విడుచుట, తిరిగి ఎవరైనా వచ్చి నన్ను పిలుచుకొనిపోవుట గురించి.

దిగువ సంతకము చేసిన నేను, ఖోల్మత్ అనువాడను, వయస్సు యాభై ఆరు, వృత్తి పగిలిన పింగాణీకి ఇత్తడి కుట్లు వేయుట, మనవి చేసుకొనునది ఏమనగా: తమరు నన్నెరుగుదురు. తమ తల్లిగారి టీ కూజా ముక్కు విరిగినప్పుడు నాలుగు కుట్లు వేసి నిలబెట్టినవాడిని నేనే. ఇది సిఫారసు కోసం రాయడం లేదు, గుర్తు కోసం రాస్తున్నాను. ప్రస్తుత చిరునామా: కాలువ పక్కన సాబిత్ చాయ్‌ఖానా, గోడవైపు బల్లమంచం.

మన దగ్గర గిన్నెలో రెండు గుక్కలు పోస్తే ఇంకాసేపు కూర్చోమని, అంచుదాకా పోస్తే ఇక లేచి వెళ్లమని అర్థం. ఇది తమకు నేను చెప్పనక్కరలేదు. అయినా అర్జీ అన్నాక ఆధారం చూపాలి కనుక నమోదు చేస్తున్నాను. ఇక సంఘటనకు ముందునుంచీ నేను ఓర్చుకొనుచున్న విషయములు వరుసగా విన్నవించెదను.

1. వస్తువులను భద్రపరచుట. నా భార్య నా వస్తువులన్నిటినీ జాగ్రత్త చేయును. ఎక్కడ పెట్టావని అడిగితే, జాగ్రత్తగానే ఉందిలెండి అనును. కిందటి శీతాకాలంలో జాగ్రత్త చేసిన నా బూటు ఒకటి ఏప్రిల్ నెలలో ఎండు ఆప్రికాట్ల జాడీ వెనక దొరికింది. రెండవ బూటు గురించి ఇంతవరకు సమాచారం లేదు. ఈ అర్జీ కూడా నేను కళ్లజోడు లేకుండానే రాస్తున్నాను, అక్షరాలు పెద్దవిగా ఉన్నందుకు మన్నించాలి.

2. ఏం వండమంటారని అడుగుట. ప్రతిరోజూ అడుగును. నేను ఆలోచించి చెప్పుదును. ఆమె శ్రద్ధగా వినును. పిమ్మట తాను ముందే నానబోసినది వండును. మొన్నామధ్య సోమవారం మాంసం వేసిన సేమ్యా పులుసు తినాలనుందని చెప్పాను. మంచిదండీ అంది. నేను వంటింట్లోకి తొంగి చూస్తే అప్పటికే పెసలు నానుతున్నాయి. మరి అడగడం దేనికని నిలదీస్తే, అడక్కపోతే అడగలేదంటారు గదా అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. తమ దగ్గర ఉంటే తెలియజేయగలరు.

3. బొంతలు. మా ఇంట్లో పెట్టె మీద పైకప్పుదాకా ముప్పై నాలుగు పత్తి బొంతలున్నవి. అన్నీ చుట్టాల కోసం. మా ఇంటికి ముప్పై నలుగురు చుట్టాలు ఒకేసారి వచ్చిన దాఖలా లేదు, వస్తే నేనే పారిపోతాను. మేము కప్పుకునేది మాత్రం పెళ్లయిన మూడో ఏటిది. అతుకుల మీద నాకు వృత్తిరీత్యా గౌరవమున్నది, కానీ జనవరిలో నా పాదాలకు ఆ గౌరవం లేదు.

4. నా అభిప్రాయములు. నేను అభిప్రాయాలున్న మనిషిని. ఫ్లాస్కులో పోసిన టీ చచ్చిపోతుందని, రేడియోలో వాతావరణం చెప్పే ఆయన కిటికీ తెరవడని, పెళ్లిళ్లలో బాకాలు ఊదేవాళ్లను వీధి చివర నిలబెట్టాలని నా అభిప్రాయం. భోజనం దగ్గర చెబితే ఆమె ఊఁ అనును. ఆ ఊఁ విన్నవాడికి బతకాలనిపించదు. ఫ్లాస్కు సంగతి నేను బుధవారం చెప్పాను. శుక్రవారం గోడమీదుగా పక్కింటావిడకు అదే మాట తన మాటగా చెప్పింది. పక్కింటావిడ, ఎంత బాగా చెప్పావే, అంది. ఇరవయ్యేడేళ్ల కాపురంలో ఆ మాట నాకెవరూ అనలేదు.

5. పులావ్. పెళ్లయిన కొత్తలో నేను ఒకసారి పులావ్ మాడబెట్టిన మాట వాస్తవం. తినవలసినవారు పన్నెండు మంది. ఏ విందుకు వెళ్లినా ఆడవాళ్ల వైపునుంచి ఆ కథ వినిపించును, తరువాత నవ్వు వినిపించును. కిందటి వేసవికి వారి సంఖ్య అరవైకి చేరింది.

6. గిన్నె. అయ్యా, ఈ అంశం రాయకూడదనే అనుకున్నాను.

సనోబర్‌కు వాళ్లమ్మ ఇచ్చిన నీలం గిన్నె ఒకటి ఉండేది. రెండేళ్ల క్రితం నా మోచెయ్యి తగిలి నాలుగు ముక్కలైంది. ఆ రోజు ఆమె నన్ను ఏమీ అనలేదు. ముక్కలు గుడ్డలో కట్టి నా పనిబల్ల మీద పెట్టింది, అంతే. నేను ఇవాళ, రేపు అంటూ రెండేళ్లు గడిపాను. ఊళ్లోవాళ్ల గిన్నెలన్నీ కుడతారు, ఇంట్లోది ఎప్పుడు కుడతారని అడిగేది. ఆమె తమ్ముడు అబ్దుజలీల్ తమకు తెలిసిన కుమ్మరే, ఆవం నిండా కొత్త గిన్నెలు కాల్చి అమ్మేవాడు. అతను వచ్చినప్పుడల్లా, అతికిన గిన్నె మ్యూజియంలో పెట్టుకోవాలి గాని టీ తాగకూడదు బావా అని నన్ను ఎత్తిపొడుచును. ఆ మాటకే నాకు పట్టుదల వచ్చింది. పోయిన వారం బుధవారం ఉదయంనుంచి కూర్చుని, నా కళ్లు నీరు కారేదాకా సన్నటి రంధ్రాలు తొలిచి, పదకొండు కుట్లు వేశాను. సున్నం, గుడ్డు తెల్లసొన కలిపి సందులు పూడ్చాను. కుట్లన్నీ బయటివైపే. లోపల వేలు పెట్టి తడిమితే గీత తగలదు. ఇంతకంటే మంచి పని నా చేతులతో నేను చేయలేదు, ఇక చేయలేను కూడా.

చెప్పకుండా తీసుకెళ్లి గూట్లో దాని స్థానంలో దాన్ని పెట్టాను. ఆమె సాయంత్రం మూడుసార్లు ఆ గూటి ముందునుంచి నడిచింది. ఒక్క మాట అనలేదు. ఊఁ కూడా అనలేదు.

7. సంఘటన. మరునాడు గురువారం ఉదయం నేను చేతులు కడుక్కుని ద్రాక్ష పందిరి కిందికి వచ్చేసరికి బావమరిది అబ్దుజలీల్ ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. అక్కాతమ్ముళ్లిద్దరూ మాటా పలుకూ లేకుండా బల్లమీద నా చోట పెట్టిన గిన్నె వైపే చూస్తున్నారు. అది అంచుదాకా నిండి ఉంది. మరో చుక్క పడితే పొర్లేటంత. నేను వచ్చానని ఆమె తలెత్తనైనా లేదు. అయ్యా, నా ఇంట్లో, నా పందిరి కింద, నా బావమరిది ఎదుట, నన్ను లేచి పొమ్మన్నారు. నేను రభస చేయలేదు. టోపీ సర్దుకుని, గుండెమీద చెయ్యి పెట్టుకుని, మర్యాదస్తుడైన చుట్టం ఎలా వెళతాడో అలాగే చప్పుడు కాకుండా తలుపు దాటాను. టీ ముట్టలేదు.

అది మొదలు నేను చాయ్‌ఖానాలో ఉంటున్నాను. రెండో రోజు అబ్దుజలీల్ వచ్చి, బావా, ఆ గిన్నె చూశావా అసలు అన్నాడు. చూశాను, అంచుదాకా చూశాను అని గోడవైపు తిరిగాను. అతను ఇంకేదో చెప్పబోయాడు. నేను చెవులమీదికి టోపీ లాక్కున్నాను. మూడు రోజులు వరసగా వచ్చాడు, నాలుగోరోజు మానేశాడు. చాయ్‌ఖానాలో నా ఇబ్బందులు కూడా నమోదు కోరుచున్నాను. కాలువవైపు మంచం చల్లగా ఉంటుంది, ఖాళీగా కూడా ఉంటుంది, అయినా సాబిత్ నన్ను అక్కడికి మారనివ్వడు. కారణం అడిగితే పైనుంచి చెప్పారంటాడు. చాయ్‌ఖానాకు పైన చెట్టు తప్ప ఏముంది? అదీగాక అతని టీలో పస లేదు, రొట్టెను మర్యాద లేకుండా బోర్లా పెడతాడు, చదరంగంలో ఎత్తు వెనక్కి తీసుకుంటాడు. రెండు పూటలా పులావే. పెసల కిచిడీ తిని తొమ్మిది రోజులైంది. అది నాకు ఇష్టమని ఇన్నాళ్లూ నాకు తెలియదు.

నిన్న సాయంత్రం సాబిత్ నా గిన్నెలో అంచుదాకా పోశాడు. నా మొహం చూసి, ఏం చేయను ఖోల్మత్ అకా, మీ మంచం పెళ్లివాళ్లు అడుగుతున్నారు అన్నాడు.

అనగా నేను ప్రస్తుతం రెండు చోట్లనుంచి లేపబడినవాడను. మూడో చోటు నాకు లేదు. నా అంతట నేను ఇంటికి పోదామంటే, పొమ్మన్నచోటికి పిలవకుండా ఎలా పోను? మగవాడికి మరీ అంత సిగ్గు లేకపోతే ఎలా? పోకుండా ఉందామంటే, రాత్రి నిద్ర పట్టడం లేదయ్యా. ఆ పాత బొంత లేకుండా నాకు నిద్ర రాదు.

కావున తమరు దయతలచి, (అ) సదరు టీ ఎవరి చేతితో, ఏ ఉద్దేశముతో, ఎంత ఎత్తుకు పోయబడినదో విచారణ జరిపించవలెను. (ఆ) విచారణ తేలువరకు నేను మా పెరట్లోకి ప్రవేశించి కళ్లజోడు, రంధ్రాలు తొలిచే పనిముట్టు, వీలైతే ఒక గిన్నె పెసల కిచిడీ తెచ్చుకొనుటకు అనుమతి ఇప్పించవలెను. (ఇ) పొరబాటున పోసినట్లు ఆమె ఒక్క మాట అన్నచో, నేను బెట్టు చేయకుండా అదే రోజు ఇంటికి చేరుదునని హామీ ఇచ్చుచున్నాను. ఉద్దేశపూర్వకంగానే పోశానని అన్నచో ఆ సంగతి నాకు తెలియజేయవద్దు.

విడాకులు అనే మాట నేను కోరినట్లు పై మనవిలో ఎక్కడా లేదని, ఎవరైనా పొరబాటున దాన్ని దస్త్రంలో చేర్చకుండా చూడాలని ప్రత్యేకంగా ప్రార్థన.

ఒక గిన్నెడు టీకి ఇంత రాతకోతలా అని విసుక్కోకుండా, తమరు కూడా పెళ్లయినవారే గనుక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఖోల్మత్
(కుట్లపని)

తా.క.: అయ్యా, పై అర్జీని ఈ మధ్యాహ్నం తమ కచేరీలో ఇవ్వబోగా తమరు లేరు. ఆడవాళ్ల వ్యవహారాలు చూసే మొహిరా అక్క అందుకుని మొదటి పుట చదివింది. నవ్వలేదు. సొరుగు లాగి, తమ సంతకం కోసం వారంగా ఎదురుచూస్తున్న కాగితం ఒకటి నా ముందు పెట్టింది. నేను వెళ్లిపోయిన మరునాటి తేదీ. సనోబర్ రాత. మొహిరా అక్కే చదివి వినిపించింది, నా దగ్గర కళ్లజోడు లేదు కదా. తమరు ఇంకా చూడలేదు గనుక విన్నది విన్నట్టు ఇక్కడ రాస్తున్నాను:

"నా భర్త టీ తాగకుండా వెళ్లిపోయాడు. ఆ గిన్నె మా అమ్మది. పదకొండు కుట్లు వేసి నాకు చెప్పకుండా గూట్లో పెట్టాడు. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని నేను ఆ సాయంత్రం ఏమీ అనలేదు. పొద్దున మా తమ్ముడొచ్చి అతుకు గిన్నె కారుతుందన్నాడు. కారదని చూపించడానికి అంచుదాకా పోశాను. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. చుక్క కారలేదు. ఆయనకు చెబుదామని తలెత్తితే మనిషి లేడు. ఆయనకు మెడనొప్పి. కాలువవైపు గాలికి పడుకోనివ్వొద్దని సాబిత్‌కు చెప్పగలరు."

ఆ చివరి మాట సాబిత్‌కు ఆ రోజే చెప్పించానంది మొహిరా అక్క. అయ్యా, ముప్పై ఏళ్లుగా గిన్నెలు చూసి బతుకుతున్నవాణ్ణి. ఆ పొద్దున టీ ఎత్తు చూశాను గాని, ఏ గిన్నెలో ఉందో చూడలేదు.

కచేరీనుంచి నేరుగా ఇంటికి వెళ్లాను, పిలవకుండానే. సనోబర్ నన్ను చూసి లోపలికి పోయి, పెట్టె మీదినుంచి చుట్టాల బొంత ఒకటి, ఎర్ర పట్టుది, తెచ్చి బల్లమంచం మీద పరిచింది. కూర్చోమంది. ఇదెందుకు అన్నాను.

"చుట్టాలకే కదా ఇది. ఇంటివాడైతే ఎంత పోసినా తాగుతాడు. నిండుగా పోస్తే లేచిపోయేది చుట్టం. ఇరవయ్యేడేళ్లూ నా ఇంట్లో చుట్టంలాగే ఉన్నావని నాకు తెలీలేదు" అంది. ఇన్నేళ్లలో నన్ను నువ్వు అనడం అదే మొదలు.

నా దగ్గర జవాబు లేదు. ఈసారి తమరిని కూడా అడగడం లేదు. ఆ ఎర్ర బొంత మడిచి, నేనే తీసుకెళ్లి పెట్టె మీద ముప్పై మూడింటి పైన పెట్టి వచ్చాను. వచ్చి వట్టి చెక్క మీద నా చోట కూర్చున్నాను. అప్పుడు ఆమె వాళ్లమ్మ గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, అంచుదాకా పోసింది.

కావున పై అర్జీలోని ఆరు, ఏడు అంశములను ఉపసంహరించుకొనుచున్నాను. మిగతా అయిదూ అలాగే ఉంచవలసినది. నాలుక కాలింది గాని, లేవలేదు.