వంశావళిలో తండ్రుల పేర్లే

శనివారం రాత్రి, సోమందేపల్లె

రొమ్ము క్యాన్సర్‌తో మంచం పట్టిన అక్క రక్త పరీక్షలో పుట్టుకతో వచ్చిన జన్యు మార్పు ఒకటి కనబడింది. అది హాని చేసేదో కాదో డాక్టరమ్మ చెప్పలేకపోయింది. మనవంటి జనాల రక్తం ఇంతవరకు పరీక్షించింది తక్కువట. ఇంటివాళ్లది చూస్తే కొంత తెలియవచ్చట.

అక్క కూతురు మార్త సాయంత్రం వచ్చి, "మామా, నీ నెత్తురు గూడా ఇయ్యల్లంట" అంది.

"నేను మగోణ్ణి గదమ్మా."

"మగోళ్లకూ ఉంటాదంట. నీకుంటే నీ బిడ్డ రూతుకూ వచ్చిండొచ్చు. చర్చి మైకులో అంత అరుస్తావే, సూదికి భయమా?"

బైబిలు వంశావళి వాక్యాల్లో తండ్రుల పేర్లే వరుసగా చదివించే నేను, ఈ రోగం ఆడవాళ్ల వైపు నుంచే వస్తుందని ఎలా నమ్మాను?

సోమవారం పోయి ఇస్తాను. రూతు పక్క గదిలో రేపటి ఆరాధనకు నా తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తోంది. దానికి ఏమని చెప్పాలో, ఇంతసేపు బైబిలు పేజీలు తిప్పినా వాక్యం దొరకలేదు.