గుంతలో పడ్డ నల్లమట్టి

బుధవారం, పడుకునే ముందు

ఇంకా కోపం తగ్గలేదు. చేనంతా చదునైంది గానీ పైన ఉత్త మొరమే మిగిలింది. బాపు మూడు ఎండాకాలాలు చెరువు పూడిక తోలించి పరిచిన నల్లమట్టంతా మూలనున్న గుంతలోకి పోయింది.

పైమట్టిని ముందు పక్కకు కుప్ప పోసి, చదును చేశాక మళ్లీ పరచాలి. జేసీబీ డ్రైవర్‌కు ఆ మాత్రం తెలియదా? అడిగితే, "గుంత పూడ్చుమన్నవ్, పూడ్చిన. మన్ను పక్కకు పెట్టుమని ఎవలు జెప్పిండ్రు?" అన్నాడు. సాయంత్రం దాకా వాడితో పోట్లాడాను. రేపో మాపో వానలు పడితే ఆ మొరంలో పత్తిగింజ ఏం మొలుస్తుంది?

బాపు తిట్టనైనా తిట్టలేదు. పిడికెడు మొరం తీసి, నలిపి, వదిలేశాడు. "గప్పుడు నువ్వు ఏడున్నవ్‌రా?" అని మాత్రం అడిగాడు. గట్టు మీదే ఉన్నానన్నాను. ఫోన్లో వీడియో తీస్తున్నానని చెప్పలేదు.

ఇందాక ఆ వీడియో పెట్టుకుని చూశాను. బకెట్ నిండా నల్లమట్టి గుంతలో పడుతోంది. వెనక నుంచి నా గొంతే వినిపిస్తోంది: "సూపరన్నా! గట్లనే నూకు!"